'రన్' అను ఆంగ్లక్రియ – తెలుగు పర్యాయములు

ఆంగ్లమున 'రన్' అను క్రియకు 2011లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సవరణమున 645 అర్థములు చూపబడినవి. మనకు తోచునది 'పరుగెత్తు' ఒక్కటియే. కాని తెలుగున నది పారును, ముక్కు కారును, గడియారము నడచును, ఉతికిన బట్టకు రంగు దిగును. రైలునకు మాత్రము 'నడచు', 'పరుగెత్తు' అను రెండును చెల్లును: మొదటిది రాకపోకలను, రెండవది వేగమును దెలుపును. ఎన్నికలలో అమెరికనులకిది 'రన్', బ్రిటిషువారికి 'స్టాండ్', మనవారును నిలుచువారే. ఇట్లు కర్తయో, కర్మయో అర్థమును నిర్ణయించుచుండగా, నిఘంటువులందు పర్యాయపదములను వరుసగా పేర్చిన ప్రయోజనమేమి? వానిని నమ్మిన అనువాదకుడు పాఠశాలను నడుపుటకు మారుగా పరుగెత్తించును. క్రికెట్టున మాత్రము 'పరుగు' స్థిరపడినది. బంతి హద్దు దాటినచో ఆటగాడు కదలకున్నను నాలుగు పరుగులే!