లేఅవుట్‌లో పదో వంతు ఎవరిది?

జంగారెడ్డిగూడెం 2011లో నగర పంచాయతీ అయింది. 2022 నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ రహదారి ఈ ప్రాంతం మీదుగా వెళ్తోంది. రహదారి వచ్చిన చోట ఎకరాల్లో పలికే ధర గజాల్లోకి మారడానికి ఎంతో కాలం పట్టదు. ప్లాటు కొనేవారు గజం రేటు అడుగుతారు, రోడ్డు వెడల్పు అడుగుతారు. లేఅవుట్‌లో ఉమ్మడి ఖాళీ స్థలం ఎక్కడుంది, ఎవరి పేరున ఉంది అని మాత్రం చాలామంది అడగరు. రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం వెంచర్ విస్తీర్ణంలో కనీసం 10 శాతం పార్కుకో ఆటస్థలానికో వదలాలి. రోడ్లతో పాటు దాన్ని రిజిస్టరు దానపత్రంతో స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. పదెకరాల వెంచర్‌లో అది ఎకరం, అంటే 4,840 గజాలు. రెండొందల గజాల చొప్పున కోస్తే 24 ప్లాట్లు! వెంచర్ వేసినవారికి ఆశ పుట్టేది అక్కడే. కానీ ఆ ఎకరం ఖరీదు కూడా మనం కట్టే గజం రేటులోనే కలిసి ఉంటుంది. డబ్బు పుచ్చుకున్న స్థలాన్ని మళ్లీ అమ్మే హక్కు ఎవరికీ లేదు.

న్యాయస్థానాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. దాన్ని ప్రశ్నించే అర్హత చుట్టుపక్కల నివాసులకు ఉందని కూడా చెప్పింది. 1995లో ఢిల్లీకి చెందిన మరో కేసులో, లేఅవుట్ ఖాళీ స్థలం కాగితాల్లో యజమాని పేరునే ఉన్నా అతను ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని తేల్చింది. కాబట్టి దానపత్రం రాయలేదన్న సాకుతో ఆ స్థలం అమ్ముకోవడం కుదరదు.

అక్రమ లేఅవుట్లను క్రమబద్ధీకరిస్తున్నారు కదా, ఇంక బెంగ దేనికని కొందరంటారు. 2020 నిబంధనలు 2019 ఆగస్టు 31 నాటికి రిజిస్టరైన ప్లాట్లకు ఆ అవకాశమిచ్చాయి. పది శాతం ఖాళీ స్థలం లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టమన్నాయి. తెలియక కొన్న సామాన్యుడి ఇల్లు నిలబడాలి, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ సొమ్ము ఖజానాకు చేరాక పిల్లలు ఆడుకునే చోటు, వాన ఇంకే నేల తిరిగి వస్తాయా? పైగా స్థలం మింగినవాడు తప్పించుకుంటాడు, పెనాల్టీ కొన్నవాడి నెత్తిన పడుతుంది. అనుమతి లేని ప్లాటు చవక అన్న మాట కూడా అందుకే నిలవదు. ఇంటి ప్లాను, బ్యాంకు రుణం, క్రమబద్ధీకరణ రుసుము ఎదురైనప్పుడు ఆ చవక హరించుకుపోతుంది.

చెరువులు, పుంతలు, వాగు పొరంబోకుల విషయంలో కోర్టు మాట ఇంకా గట్టిది. పంజాబ్‌లో ఊరి చెరువు పూడ్చి ఇళ్లు కట్టుకున్నవారి నుంచి ధర వసూలు చేసి వదిలేద్దామన్నారు అధికారులు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, ఖాళీ చేయించమంది. ఎంత ఖర్చుపెట్టి కట్టినా, ఎన్నాళ్లుగా ఉంటున్నా అది సమర్థన కాదంది. ఇలాంటి ఆక్రమణల తొలగింపునకు పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఊరు పెరగొద్దా అనేవారు ఈ మెట్ట ప్రాంతంలో కురిసిన వాన ఎటు పోతుందో చూడాలి. ఆ నీరు ఎర్రకాలువలో పడి దిగువన తాడేపల్లిగూడెం, నిడదవోలు పొలాల మీదికి వెళ్తుంది. 2024 జులైలో అక్కడ వరి మునిగింది. ఎగువన నీరు నిలిచే, ఇంకే చోట్లు తగ్గేకొద్దీ ఆ పరుగు పెరుగుతుంది.

కొనేముందు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు అది తప్పనిసరి. అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోకూడదు. కొనుగోలుదారుల్లో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ప్లాను మార్చకూడదు. భూమి హక్కులో లోపం బయటపడితే పరిహారం కోరడానికి ఆ చట్టంలో కాలపరిమితి అడ్డురాదు. పక్కనున్న బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల షెడ్యూల్డు ప్రాంతాల్లో అయితే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల కొనుగోలే చెల్లదు. నోటరీ కాగితం దాన్ని చెల్లేలా చేయదు.

ఇప్పటికే కొన్నవారు పురపాలక కార్యాలయంలో 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. “ఫలానా సర్వే నంబరులోని లేఅవుట్ ఆమోదిత ప్లాను, ఖాళీ స్థలం దానపత్రం నకళ్లు ఇప్పించగలరు” అని రాస్తే చాలు. పంచాయతీ పరిధి అయితే రుసుము కూడా లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలుకు వెళ్లవచ్చు. లేఅవుట్ ఖాళీ స్థలంలో కట్టడం లేస్తుంటే వీధిలోని పదిమంది కలిసి ఫిర్యాదు రాసి రసీదు తీసుకోండి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయవాదిని ఇస్తారు.