మూత్రాశయపు బాధ – దేహమందలి ఇతర బాధలతో దాని సంబంధము

మన గోదావరి మండలములలో మూత్రము మంటగా వచ్చినచో "వేడి చేసినది" అనుట వాడుక. కొబ్బరి నీళ్ళు, బార్లీ జావ, పలుచని మజ్జిగ ఇత్తురు. నాలుగు దినములలో తగ్గినచో మంచిదే. తగ్గనిచో వైద్యుని యొద్దకు పోవుదురు. మూత్ర పరీక్షలో సూక్ష్మజీవి కనిపించినచో మందు వాడుదురు, బాధ శమించును. ఇంతవరకు అందరు నెరిగినదే. కాని కొందరిలో నెలలు, సంవత్సరములు గడచినను ఆ బాధ తగ్గదు. పరీక్షలో సూక్ష్మజీవియు కనిపించదు. అట్టి బాధ యెట్టిది, దేహమున తక్కిన చోట్ల కలుగు బాధలతో దానికి గల సంబంధ మెట్టిది అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింతము.

మూత్రాశయ స్వభావము

మూత్రాశయము పొత్తికడుపున, కటి యెముకల నడుమ నుండు కండరపు సంచి. సంస్కృతమున దీనిని 'వస్తి' అనియు, ఉర్దూలో 'మసానా' అనియు అందురు. చరకసంహిత హృదయము, శిరస్సు, వస్తి అను మూడింటిని ప్రధాన మర్మములుగా చెప్పినది. 11వ శతాబ్దికి చెందిన ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథమున బాధలను పదునైదు విధములుగా విభజించి వర్ణించెను. బాధను వర్గీకరించి పరిశీలింపవలెనను యోచన మన ప్రాచీన వైద్యములకు క్రొత్త కాదు.

పెద్దవారి మూత్రాశయమున సాధారణముగా 400 నుండి 500 మిల్లీలీటర్ల మూత్రము పట్టును. మూత్రమందలి లవణములు గోడకు తగులకుండ లోపల ఒక సన్నని రక్షకపు పొర యుండును. ఈ వ్యాధి గల కొందరిలో ఆ పొర దెబ్బతినియుండునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. సంచి నిండుకొలది నొప్పి హెచ్చును. విడిచిన పిమ్మట కొంత ఉపశమనము కలుగును. అందువలన రోగి పగలు రాత్రి యనక పలుమారులు లేవవలసివచ్చును.

వ్యాధి చరిత్ర

'ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్' అను పేరును 1887లో అమెరికా వైద్యుడు అలెగ్జాండర్ స్కీన్ వాడెను. 1915లో బాల్టిమోర్ నగరమున గై హన్నర్ అను వైద్యుడు కొందరి మూత్రాశయపు గోడపై ప్రత్యేకమైన పుండ్లను గుర్తించెను. కాని రోగులలో అధికసంఖ్యాకులకు ఆ పుండ్లు కనిపించవు. కనిపించని కారణముచేతనే వారి మాటను నమ్మకపోవుట, "నీకు ఏమియు లేదు, అంతయు భ్రమ" అని పంపివేయుట చాల కాలము జరిగినది. నేడు వైద్యులు దీనిని 'బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్' అనియు పిలుచుచున్నారు. సూక్ష్మజీవి గాని, మరియొక కారణము గాని లేకుండ ఆరు వారములకు మించి నొప్పియు, మూత్రవిసర్జన సంబంధమైన ఇబ్బందులును ఉన్నచో దీనిని శంకింపవలెనని అమెరికా మూత్రవ్యాధి నిపుణుల సంఘము సూచించినది. ఇది స్త్రీలలో అధికము, పురుషులకును రాకపోదు.

1895లో భీమవరమున జన్మించి, రాజమండ్రిలో చదివి, అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనల కధ్యక్షత వహించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇచ్చట స్మరింపవలెను. వారి పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదియే మొదటిది. అట్టి మందులు సూక్ష్మజీవులను జయించినవి. కాని సూక్ష్మజీవియే లేనిచోట అవి చేయగలిగినది లేదు. ఫలితము కానరాకున్నను అవే మందులను మరల మరల వాడుట రోగికి నష్టము. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుట సమాజమునకు నష్టము.

ఒక బాధ – పలు తావులు

ఈ రోగులలో పలువురకు పెద్దప్రేవుల నొప్పి, నడుము నొప్పి, పార్శ్వపు తలనొప్పి, దవడ నొప్పి, ఒడలంతయు కండరముల నొప్పులు, తగ్గని అలసట కూడ ఉండుట వైద్యులు గమనించిరి. అందరికి అన్నియు ఉండవు. అయినను ఈ కలయిక కేవలము యాదృచ్ఛికము కాదు. లోపలి అవయవముల నొప్పి చర్మముపై ఏయే తావుల తోచునో 1893లోనే హెన్రీ హెడ్ అను ఆంగ్ల వైద్యుడు పటములతో చూపెను. మూత్రాశయము, పెద్దప్రేవు, గర్భాశయము – వీని నుండి బయలుదేరు నరములు వెన్నుపాము క్రిందిభాగమున దగ్గరదగ్గరి తావులకే చేరును. అందుచేత ఒకదాని బాధ మరియొకదాని బాధగా తోచుటకు అవకాశము కలదు.

దీనిని మన డెల్టాలోని మురుగు కాలువతో పోల్చవచ్చును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువ నీటితో సాగు విస్తరించిన సీమ ఇది. పలువురి చేల మురుగు ఒకే కాలువలోనికి పోవును. ఒక చేని నీరు ఆ కాలువను నింపివేసినచో, ప్రక్క చేని నీటికి దారి లేక అచ్చటి పైరును కుళ్ళును. ఆ రెండవ చేని రైతు తప్పేమియు లేదు. వెన్నుపాములోని స్థితియు ఇట్టిదే. అయితే ఈ పోలికకు ఒక హద్దు కలదు. కాలువ తీసినచో నీరు దిగిపోవును. నరములు మాత్రము చాలకాలము బాధకు గురియైనచో స్వభావమునే మార్చుకొని, స్వల్పమైన తాకిడికి సైతము నొప్పిని తెలుపును. వెన్నుపాములో ఇట్టి మార్పు కలుగునని 1983లో క్లిఫర్డ్ ఊల్ఫ్ ప్రయోగపూర్వకముగా చూపెను. మూత్రాశయమును మాత్రమే గాక రోగి దేహమంతటిని పరిశీలింపవలెనను దృష్టితో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2008లో ఒక పెద్ద పరిశోధన ప్రారంభించినవి.

చేయదగిన పనులు

మొదట సూక్ష్మజీవి వ్యాధి, రాళ్ళు, క్షయ, పుట్టకురుపు – ఇవి లేవని వైద్యునిచే నిర్ధారణ చేయించుకొనవలెను. మూత్రమున రక్తము కనిపించినచో, జ్వరము వచ్చినచో ఆలస్యము చేయరాదు. దీనిని అందరిలో నయము చేయు ఒకే మందు లేదు. కారము, పులుపు, కాఫీ, టీ – వీనిలో తనకు ఏది పడదో రోగి వ్రాసికొని గుర్తింపవలెను. కటి కండరములను సడలించు వ్యాయామము, కాపడము, స్వల్ప మోతాదులో అమిట్రిప్టిలీన్ కొందరికి మేలు చేయును. 1996లో అమెరికాలో అనుమతి పొందిన పెంటోసాన్ అను మందును దీర్ఘకాలము వాడిన కొందరి కంటిపొరకు హాని కలిగినట్లు తరువాత తెలిసినది. కావున ఏ మందైనను వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, దేహమున ఎక్కడెక్కడ నొప్పి యున్నదో అంతయు ఒకే వైద్యునికి చెప్పుట. తలనొప్పికి ఒకరిని, కడుపునొప్పికి ఒకరిని, మూత్రబాధకు మరియొకరిని ఆశ్రయించి, ఒకరి మాట ఒకరికి చెప్పకున్నచో అసలు ముడి ఎవరికిని కనిపించదు.

ఇది వైద్యులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. వరినాట్లలో ప్రొద్దుగ్రుంకువరకు వంగి పనిచేయు స్త్రీకి, దూరపు బస్సులో కళాశాలకు వచ్చు విద్యార్థినికి మరుగు దొరకక, నీరు త్రాగుటయే మానుకొను దుస్థితి కలదు. సిగ్గుచేత తల్లితోనైనను చెప్పుకొనలేనివారును కలరు. కళాశాలలో శుభ్రమైన మరుగుదొడ్లు, వానిలో ఎల్లవేళల నీరు, తరగతి నడుమను పరీక్షా సమయమునను ప్రశ్నింపక బయటకు పంపు అనుమతి – ఇవి చిన్న ఏర్పాట్లే. పాలకవర్గమువారు తలచినచో సాధ్యములే. ఈ వ్యాధిగ్రస్తులకు వీనివలన కలుగు మేలు మాత్రము చిన్నది కాదు.

బాధను గూర్చిన అంతర్జాతీయ అధ్యయన సంఘము 1979లో తాను చేసిన నిర్వచనమును 2020లో సవరించుచు, ఒక వ్యక్తి తనకు బాధ యున్నదని చెప్పినచో ఆ మాటను గౌరవింపవలెనని చేర్చినది. పరీక్షలో కనిపించకపోవుట బాధ లేకపోవుట కాదు. మన యింట గాని, తరగతిలో గాని ఎవరైనను ఇట్టి బాధ చెప్పుకొనినపుడు, వారిని నమ్మి, తగిన వైద్యుని చెంతకు చేర్చుట మనందరి కర్తవ్యము.