సున్నపురాతి దీవులు

థాయ్‌లాండ్ దేశపు నైరుతి తీరాన, ఫుకెట్, క్రాబీల నడుమ ఫాంగ్ న్గా అఖాతం ఉంది. అండమాన్ సముద్రంలో భాగమైన ఈ అఖాతం అంతగా లోతు లేనిది. ఆ పచ్చని నీటిలో నుంచి సున్నపురాతి దీవులు కోటగోడల వలె నిటారుగా లేచి నిలుస్తాయి. చాలా దీవులకు ఒడ్డన్నది లేదు. పడవ దిగి అడుగు మోపడానికి జానెడు ఇసుకైనా కనిపించదు. శిఖరాల మీద మాత్రం, రాతి పగుళ్లలో వేళ్లూనిన చెట్లు గుబురుగా పెరుగుతాయి.

ఈ దీవులు ఒకప్పుడు నేలమీది కొండలే. 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం సముద్రంలో జీవించిన ప్రాణుల గుల్లలు పొరలు పొరలుగా పేరుకొని సున్నపురాయిగా మారాయి. భూమి కదలికల వలన ఆ పొరలు పైకి లేచాయి. వాననీటిలో స్వల్పంగా ఉండే ఆమ్లం సున్నపురాతిని కరిగిస్తుంది. అరకు దారిలోని బొర్రా గుహలు ఏర్పడినదీ ఇట్లాగే. సుమారు 20 వేల సంవత్సరాల క్రితం, మంచుయుగంలో, సముద్రమట్టం నేటికంటె దాదాపు 120 మీటర్లు తక్కువగా ఉండేది. మంచు కరిగి నీరు పెరగగా లోయలు మునిగాయి, కొండలు దీవులయ్యాయి, గుహలలోకి సముద్రం ప్రవేశించింది.

అఖాతంలో అందరికీ తెలిసినది కో తాపు అనే శిల. సుమారు 20 మీటర్ల ఎత్తున్న ఈ శిల పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటుంది. 1974లో వెలువడిన జేమ్స్ బాండ్ చిత్రం దీనికి ప్రఖ్యాతి తెచ్చింది. దానిని ఫోటో తీసుకొని మరలిపోయేవారే ఎక్కువ. నిజానికి ఈ అఖాతపు విశేషం దీవుల వెలుపల కాదు, లోపల ఉంది.

కొన్ని దీవుల నడిబొడ్డున గుహల పైకప్పులు కూలి, ఆకాశం కనిపించే నీటి మడుగులు ఏర్పడ్డాయి. వీటిని 'హాంగ్' అంటారు. థాయి భాషలో ఆ మాటకు గది అని అర్థం. వీటిలోకి పోవడానికి సముద్రపు గుహయే దారి. పోటు పెరిగితే గుహద్వారం నీట మునిగిపోతుంది. ఆటు మరీ ఎక్కువైతే అడుగునున్న రాళ్లు, బురద బయటపడి పడవ సాగదు. ఈ రెండింటి నడుమనున్న కొద్దిసేపే యాత్రికునికి దక్కుతుంది. కయాక్ అనే తెడ్డుపడవలో అతడు వెల్లకిలా పడుకోవలసి ఉంటుంది. ముఖానికి బెత్తెడు ఎత్తులో రాతికప్పు, దానికి అంటుకొని కత్తుల వలె కోసే ఆల్చిప్పలు, చీకటిలో గబ్బిలాల వాసన. అంతలో వెలుగు. చుట్టూ నిలువెత్తు రాతిగోడలు, మధ్య మడచెట్లు, వేళ్ల మీద పీతలను వెదికే కోతులు, బురదలో గెంతే చిన్న చేపలు. యాత్రికుడు ఇవన్నీ చూస్తుంటే, మార్గదర్శి మాత్రం రాతి మీది నీటిగుర్తును చూస్తూ ఉంటాడు. నీరు పెరిగి ద్వారం మూసుకొంటే, అది మరల తీసేదాకా లోపల ఉండవలసినదే.

అఖాతానికి ఉత్తరాన, నేల మీద, ఖావో సోక్ వర్షారణ్యంలోనూ సున్నపురాతి కొండలే ఉన్నాయి. 1980లో దీనిని జాతీయవనంగా ప్రకటించారు. తెల్లవారుజామున గిబ్బన్ కోతుల కూతలు లోయంతా వినిపిస్తాయి. ఆకులు, కాండం లేక అడవితీగ మీద పరాన్నజీవిగా బతికే రఫ్లీసియా అనే మహాపుష్పం ఇక్కడ పూస్తుంది. కుళ్లిన మాంసపు కంపు దాని పరిమళం. ఆ కంపుకే ఈగలు చేరి పరాగాన్ని మోసుకుపోతాయి. ఈ అడవిలోని నామ్ తాలు గుహ గుండా ఒక వాగు పారుతుంది. 2007 అక్టోబరులో కురిసిన వానకు ఆ వాగు హఠాత్తుగా పొంగి, లోపలనున్న యాత్రికులు, మార్గదర్శులు పలువురు మరణించారు. వానకాలంలో ఆ గుహలోకి ఇప్పుడు ఎవరినీ పోనివ్వరు.

మనుషులకు సముద్రం వలన ప్రమాదమున్నట్లే, సముద్రానికి మనుషుల వలనా ఉంది. ఫీ ఫీ లే దీవిలోని మాయా బే అనే చిన్న తీరం, 2000లో విడుదలైన ఒక హాలీవుడ్ చిత్రంతో లోకప్రసిద్ధమయింది. రోజుకు వేలమంది రాసాగారు. పడవల లంగర్లు తగిలి పగడపు దిబ్బలు చాలావరకు నాశనమయ్యాయి. 2018 జూన్‌లో ప్రభుత్వం ఆ తీరాన్ని మూసివేసింది. పగడాలను తిరిగి నాటారు. జనం లేని ఆ నీటిలోకి నల్లని రెక్కకొనలు గల సొరచేపలు మరలి వచ్చాయి. 2022 జనవరిలో తీరాన్ని తెరిచినపుడు పడవలను ముందువైపుకు రానివ్వలేదు. అవి దీవి వెనుక ఆగుతాయి. యాత్రికులు చెట్ల నడుమ నడిచి ఒడ్డుకు చేరతారు. అక్కడ నీటిలో దిగి ఈదడానికి వీలులేదు. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలలలో తీరాన్ని పూర్తిగా సొరచేపలకు, పగడాలకు వదిలివేస్తారు.