మోటోక్రాస్ బండి కొనేముందు కాగితం మీద పెట్టించండి

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. మోటోక్రాస్ అంటే పిచ్చి. షోరూమ్‌లో 250 సీసీ బండి చూపించి, ‘కొత్తవాళ్లు కూడా తేలిగ్గా నడపొచ్చు, రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చూద్దాం’ అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ముందు ఆ రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోండి. కవాసకీ కేఎక్స్ 250 లాంటివి ట్రాక్ కోసమే చేసిన బళ్లు. హెడ్‌లైటు, అద్దాలు, హారన్ ఏవీ ఉండవు. వాటికి నంబరు ‘తర్వాత’ కూడా రాదు. మైదానం దాకా అయినా ట్రాలీలో ఎక్కించుకుపోవలసిందే. చెరువుగట్టు మీదే కదా నడిపేది అనుకోవద్దు. జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా మోటారు వాహనాల చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే. రిజిస్ట్రేషన్ లేని బండి నడిపితే సెక్షన్ 192 కింద మొదటిసారికే రూ. 5,000 దాకా జరిమానా. నడిపింది మైనరైతే సెక్షన్ 199ఎ మీ మీదికి వస్తుంది: మూడేళ్ల దాకా జైలు, రూ. 25,000 జరిమానా. ‘నాకు తెలియకుండా తీసుకెళ్లాడు’ అని రుజువు చేస్తే తప్పించుకోవచ్చు గానీ, బండి కొనిచ్చిన తండ్రి ఆ మాట అంటే నమ్మేదెవరు?

ఇక ‘తేలిగ్గా నడపొచ్చు’ అన్న మాట. ఆ బండి సీటే నేల నుంచి మూడడుగుల పైచిలుకు ఎత్తు. యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ తిప్పితే ముందు చక్రం లేస్తుంది. నేర్చుకునేవాడికి కవాసకీ కేఎల్‌ఎక్స్ 140 లాంటి చిన్న ట్రాక్ బండి నయం. 18 నిండి లైసెన్సు వచ్చాక హీరో ఎక్స్‌పల్స్ లాంటి నంబరున్న బండి మీద మట్టిదారి అలవాటు చేసుకోవచ్చు. చిన్న బండంటే కుర్రాళ్లకు నామోషీ; పట్టించుకోకండి.

రేపు దెబ్బ తగిలి షోరూమ్ మీద కేసు వేద్దామన్నా, బండి మీ వాడి స్థాయికి మించిందన్నంత మాత్రాన అది నిలవదు. అమ్మినవాడు ఏం చెప్పి అమ్మాడన్నదే కీలకం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, తయారీదారు ఇవ్వని హామీని అమ్మకందారు తనంతట తానిచ్చి, వస్తువు అందుకు తగ్గట్టు లేక హాని జరిగితే బాధ్యత అతనిదే. అయితే సెక్షన్ 87 అతనికీ దారులిచ్చింది. వాడకూడని విధంగా వాడినా, బండిని మార్చినా మీ వాదన బలహీనపడుతుంది. అందుకే మాన్యువల్ ముందే అడిగి చదవండి.

డబ్బు కట్టకముందే షోరూమ్‌కు వాట్సాప్‌లో ఇలా రాయండి: ‘మా అబ్బాయి వయసు ఇంత, ఎత్తు ఇంత, ఇప్పటిదాకా స్కూటీ తప్ప నడపలేదు. మీరు చెప్పిన మోడల్ వాడికి సరిపోతుందా? రిజిస్ట్రేషన్ అవుతుందా? వారంటీ ఉందా?’ జవాబు చెరపకండి, ఫోను మార్చినా దాచుకోండి. నోటితో చెప్తాం గానీ రాసివ్వం అంటే అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

కొన్నాక మోసం బయటపడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్ల లోపు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించింది రూ. 5 లక్షల లోపైతే రుసుము లేదు, దాటితే స్వల్పంగా ఉంటుంది. మీ వాడి పేర ప్రమాద బీమా పాలసీ ఉంటే తీసి, రేసింగ్‌కు మినహాయింపు ఉందేమో చూసుకోండి.