ట్యూనర్ తగిలించే ముందు

ట్రాయ్, మిషిగన్
జూన్ 8, 2025

చి. కార్తీక్‌కు,



నువ్వు పంపిన ఫొటోలు చూశాను. 2008 మోడల్ బీఎండబ్ల్యూ 335ఐ, ముదురు నీలం, లోపల లేత గోధుమ రంగు తోలు సీట్లు. పదిహేడేళ్ల తర్వాత కూడా సీట్లు అంత నిగనిగలాడుతున్నాయంటే పాత యజమాని బండిని ప్రేమగానే చూసుకున్నాడు. మీ అమ్మ మాత్రం ఫోన్ చేసి, "వాడేదో డబ్బా కొని కారుకి పెడతాడట, స్పీడు పెరుగుతుందట, వద్దని చెప్పు తమ్ముడూ" అంది. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా ఉద్యోగమంతా ఇంజిన్ క్యాలిబ్రేషన్‌లోనే గడిచింది కాబట్టి ఆ డబ్బా మీద నీకున్న మోజు నాకు తెలుసు. ఎప్పుడు పెట్టాలో, ఏం చూసుకుని పెట్టాలో చెప్పాలని రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. దీన్ని దాచుకుని మళ్లీ చదువుకో.

ముందు ఆ పరికరం సంగతి. స్టీరింగ్ కింద ఎడమవైపున్న ఓబీడీ పోర్టుకి తగిలిస్తే అది ఇంజిన్ కంప్యూటర్‌లోని ప్రోగ్రాముని మార్చి రాస్తుంది. ఆ ప్రోగ్రాములో ఉండేవన్నీ పట్టికలే. ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎంత లోడు మీద స్పార్క్ ఎంత ముందుగా పడాలి, పెట్రోలు ఎంత పోయాలి, టర్బో ఎంత ఒత్తిడితో గాలి నింపాలి, టార్క్ ఎక్కడ ఆపాలి, టాప్ స్పీడ్ ఎంత, అన్నీ అంకెల్లో రాసి ఉంటాయి. ట్యూనర్ ఆ అంకెలు మారుస్తుంది, అంతే. ఇంజిన్‌లో కొత్త లోహం చేర్చదు, పంపుకి కొత్త బలం ఇవ్వదు.

నీ బండిలోది ఎన్54 ఇంజిన్. మూడు లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, రెండు చిన్న టర్బోలు, పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే పద్ధతి. ఫ్యాక్టరీ లెక్క 300 హార్స్‌పవర్. టర్బో లేని పాత లింకన్, కాడిలాక్ వీ8లకి ట్యూనర్ పెడితే గేర్లు కాస్త గట్టిగా పడతాయి, యాక్సిలరేటర్ చురుగ్గా అనిపిస్తుంది, బలం మాత్రం పెద్దగా పెరగదు. నీ ఇంజిన్ అలా కాదు. బూస్ట్ పెంచితే స్టేజ్ 1 ఫైల్‌తోనే 40, 50 హార్స్‌పవర్ రావడం మామూలు విషయం. నువ్వు చూసిన వీడియోల్లో వాళ్లు అబద్ధం చెప్పలేదు.

ఆ బలం ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోకుండా మాత్రం దాన్ని ముట్టుకోకూడదు. మేము క్యాలిబ్రేషన్ చేసేటప్పుడు మామూలు రోజుని లెక్కలోకి తీసుకోం. బండిని డెత్ వ్యాలీ ఎండలో నడుపుతాం, కొలరాడో కొండల మీదికి ఎక్కిస్తాం, మంచులో రాత్రంతా నిలబెట్టి పొద్దున్నే స్టార్ట్ చేస్తాం. బీఎండబ్ల్యూ వాళ్లు స్వీడన్ ఉత్తరాన ఆర్యెప్లోగ్‌లో గడ్డకట్టిన సరస్సుల మీద ఈ పనే చేస్తారు. నాసి పెట్రోలు పోసిన రోజు, ఆయిల్ మార్చడం మర్చిపోయిన రోజు, నిండా మనుషులతో ఘాట్ ఎక్కే రోజు కూడా ఇంజిన్ బతకాలని కొంత మిగులు పెడతాం. రైతు గాదెలో కరువు కోసం గింజలు దాచినట్టు దాచిన మిగులు అది. ట్యూనర్ నీకిచ్చే ప్రతి హార్స్‌పవరూ ఆ గాదెలోంచి తీసిందే.

కొత్త బండిలో ఆ మిగులు నిండుగా ఉంటుంది. పదిహేడేళ్ల బండిలో వయసే దాన్ని చాలావరకు ఖర్చు పెట్టేసి ఉంటుంది. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. నీ కారులో ఇంకా ఎంత మిగులుందో తేల్చుకున్నాకే ట్యూన్ మాట ఎత్తాలి.

ఎన్54లో ఏవేవి అరుగుతాయో అందరికీ తెలిసిందే, దాచేదేం లేదు. హై-ప్రెషర్ ఫ్యూయల్ పంపు మీద ఎన్ని ఫిర్యాదులొచ్చాయంటే, 2010 అక్టోబరులో బీఎండబ్ల్యూ అమెరికాలో దాదాపు 1,30,000 కార్లను రీకాల్ చేసింది. నీ బండిలో ఆ పంపు మార్చారా, ఎప్పుడు మార్చారు, డీలరుకి వీఐఎన్ నంబరిచ్చి అడుగు. వాటర్ పంపు కరెంటుతో నడిచేది, చెప్పకుండా ఆగిపోతుంది. మార్చినట్టు రసీదు లేకపోతే మార్చలేదనే అనుకో. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ కారితే ఆ ఆయిల్ తిన్నగా ముందున్న బెల్ట్ మీద పడుతుంది. నానిన బెల్ట్ జారి, చిరిగి, క్రాంక్ సీల్ సందులోంచి ఇంజిన్ లోపలికి ఇరుక్కుపోయిన కార్లున్నాయి. గాస్కెట్ ఖరీదు చాలా తక్కువ, అది తెచ్చే నష్టం ఇంజిన్ అంత.

ఇంకొకటుంది, దీన్ని నువ్వు కళ్లారా చూడాలి. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వీపుని పెట్రోలు ఎప్పుడూ కడగదు. ఆయిల్ ఆవిరి వచ్చి వాటి మీద పేరుకుంటూ పోతుంది. మ్యానిఫోల్డ్ విప్పి టార్చి వేసి చూస్తే వాల్వు కాడ కనిపించదు. నల్లగా, గరుగ్గా, మాడిన అడుగులా గట్టిపడిన పొర కనిపిస్తుంది. అక్రోట్ చిప్పల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి దాన్ని వదలగొడతారు. ఆ పొడి కార్బన్‌ని గీకేస్తుంది, లోహాన్ని గీకదు. ఈ పని చేయించిన రోజు నీ కారు నడకలో వచ్చే తేడాకే నువ్వు ఆశ్చర్యపోతావు. పోయిన బలం తిరిగొస్తుంది, అదీ మిగులు ముట్టుకోకుండా. ట్యూనర్‌కి పెట్టే డబ్బులో ముందు వాటా దీనికే ఇవ్వు.

ప్లగ్గులు, కాయిల్స్ కూడా మార్చు. పాత కాయిల్ మామూలు బూస్ట్‌లో పని కానిస్తుంది. బూస్ట్ పెరిగితే స్పార్క్ ఆరిపోయి మిస్‌ఫైర్ కొడుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని బండి పుస్తకంలో ఉంటుంది. ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తయారుచేసినవాడి మాటే వినాలి. టర్బో గాలిని ఇంజిన్‌కి చేర్చే చార్జ్ పైపు ప్లాస్టిక్‌ది. ఎండకి, వేడికి పెళుసెక్కిన ఆ పైపు బూస్ట్ పెంచగానే పగలడం ఈ కార్లలో పాత కథ. నీ కారులో దాని బదులు అల్యూమినియం పైపు కనిపించినా, రేంజి మారిన కోల్డ్ ప్లగ్గులు కనిపించినా పాత యజమాని ఇప్పటికే ఈ బండిని ట్యూన్ చేసి నడిపాడేమోనని అనుమానించాలి. అలా నడిపి ఉంటే గాదె ఇంకా ఖాళీ అయిందనుకోవాలి.

ఇవి అయ్యాక ట్యూనర్ కొనుక్కో, కొన్న వెంటనే మాత్రం కొత్త ప్రోగ్రాము రాయకు. చాలామంది వాడకుండా వదిలేసే అసలు విలువైన పని ఒకటి దానిలో ఉంది. దాన్ని డేటా లాగింగ్ అంటారు. ఫ్యాక్టరీ ప్రోగ్రామ్ మీదే ఉంచి, ఇంజిన్ ఏం చేస్తోందో రికార్డ్ చెయ్యి. డైనో, అంటే బండిని ఉన్నచోటే నడిపి బలం కొలిచే యంత్రం, ఉన్న షాపుకి తీసుకెళ్లి మూడో గేర్‌లో 2,500 ఆర్‌పీఎం నుంచి 6,500 దాకా నిండు యాక్సిలరేటర్‌తో లాగమను. రోడ్డు మీద ఈ పని చేయకు, ఎంత ఖాళీ హైవే అయినా సరే.

ఆ లాగ్ తెరిస్తే వరసలు వరసలుగా అంకెలు కనిపిస్తాయి. కంగారు పడకు, చూడాల్సినవి కొన్నే. మొదట ఆరు సిలిండర్ల టైమింగ్ కరెక్షన్. నాకింగ్ వినబడగానే కంప్యూటర్ ఆ సిలిండర్‌కి స్పార్క్ వెనక్కి జరుపుతుంది, అంకె సున్నా నుంచి మైనస్‌లోకి వెళ్తుంది. అప్పుడప్పుడూ ఒకచోట మైనస్ ఒకటి కనిపిస్తే పర్లేదు. ఒకే సిలిండర్ మళ్లీ మళ్లీ మైనస్ మూడు చూపిస్తే ఆ సిలిండర్‌లో కార్బనో, ఇంజెక్టరో, ప్లగ్గో నీకు ఫిర్యాదు చేస్తోంది. ఇంకా పెంచవద్దని అది చెబుతున్నప్పుడు పెంచకూడదు. తర్వాత ఫ్యూయల్ ప్రెషర్. లో-ప్రెషర్ వైపు దాదాపు 5 బార్ నిలవాలి. హై-ప్రెషర్ వైపు అంకె ఆర్‌పీఎం పెరిగేకొద్దీ జారిపోతుంటే పంపు ఫ్యాక్టరీ పనికే ఆయాసపడుతోందన్నమాట. మూడోది బూస్ట్. అడిగిన బూస్ట్‌కీ, వచ్చిన బూస్ట్‌కీ మధ్య ఎడం ఉండిపోతే వేస్ట్‌గేట్లు అరిగాయి, లేదా ఎక్కడో గాలి కారుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే గలగలమని రేకు మోతలాంటిది వినిపిస్తుందేమో గమనించు. 30ఎఫ్ఎఫ్ అనే కోడ్ పడితే అదే సంగతి.

ఈ లాగ్‌ని చల్లటి ఉదయం తీయించి సంబరపడకు. జులై మధ్యాహ్నం, మీ డాలస్ ఎండ 100 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటినప్పుడు ఇంకొకటి తీయించు. నీ కారు ఇంటర్‌కూలర్ చిన్నది. వరసగా రెండు మూడుసార్లు లాగితే లోపలికి వెళ్లే గాలి ఎంత వేడెక్కుతుందో, కంప్యూటర్ టైమింగ్‌ని ఎంత వెనక్కి లాగుతుందో అప్పుడు కనిపిస్తుంది. అక్కడ బండి నిలబడితే దానిలో మిగులు ఉన్నట్టే.

రాసే రోజు వచ్చినప్పుడు ఒక్క విషయంలో ఏమరుపాటు వద్దు. కంప్యూటర్‌కి ప్రోగ్రామ్ ఎక్కుతున్నంతసేపూ ఇంజిన్ ఆగి ఉంటుంది, బండి ఎలక్ట్రానిక్స్ అన్నీ బ్యాటరీని పీలుస్తుంటాయి. వోల్టేజీ మధ్యలో పడిపోతే కంప్యూటర్ సగం పాత ప్రోగ్రాముతో, సగం కొత్త ప్రోగ్రాముతో చచ్చిన ఇటుకలా మిగులుతుంది. రాత్రంతా పెట్టే చిన్న చార్జరు సరిపోదు. స్థిరంగా కరెంటిచ్చే పవర్ సప్లై తగిలించు. ఏసీ, లైట్లు, రేడియో ఆపు, తలుపులు తెరిచి మూయకు. ఫ్యాక్టరీ ప్రోగ్రామ్‌కి తిరిగి వెళ్లే దారి ఉందో లేదో ముందే చూసుకో. సెకండ్ హ్యాండ్ ట్యూనర్ కొనకు. ఒక కారుకి ముడిపడిన పరికరం, ఆ కారునుంచి విడిపించకపోతే నీ కారులో పనిచేయదు. డీలరు దగ్గర సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయిస్తే నువ్వు రాసింది చెరిగిపోతుంది, ఆ సంగతీ గుర్తుంచుకో.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోకు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు, నిజమే. నువ్వుండే ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఉంది, ఆ రెండు చోట్లా ఎమిషన్స్ టెస్ట్ మాత్రం అలాగే ఉంది. ప్రోగ్రామ్ మార్చగానే రెడీనెస్ మానిటర్లు సున్నాకి పోతాయి, మళ్లీ సిద్ధమయ్యేదాకా కొన్ని రోజులు మామూలుగా నడపాలి. టెస్టుకి ముందు వారం రాశావంటే తిప్పి పంపేస్తారు. కాలిఫోర్నియాకి ఉద్యోగం మారే ఆలోచన ఉందన్నావు. అక్కడ 2021 జులై 19 నుంచి స్మాగ్ టెస్టులో సాఫ్ట్‌వేర్ మార్చారా అని కూడా చూస్తున్నారు, ఆమోదం లేకుండా మార్చితే ఫెయిల్. అందుకే అక్కడి వాయు కాలుష్య నియంత్రణ సంస్థ కార్బ్ వాళ్ల ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు నీ కారుకి వర్తించే ఫైల్ తప్ప వేరేది రోడ్డు బండిలో వేయకు. కెటలిటిక్ కన్వర్టర్ తీసేసి చేసే స్టేజ్ 2 జోలికి అసలు వెళ్లకు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, పైగా వెనకాల వచ్చే పిల్లలు పీల్చేది ఆ పొగే.

హైదరాబాద్‌లో నీ ఫ్రెండు దగ్గర ఇలాంటి కారే ఉందని, ఫైల్ పంపమంటున్నాడని రాశావు. పంపకు. నువ్వు వేసుకోబోయే ఫైల్ టెక్సస్‌లో దొరికే 93 ఆక్టేన్‌కి లెక్కగట్టింది. అమెరికా పంపు మీద రాసే 93, మన లెక్కలో దాదాపు 98 ఆర్ఓఎన్‌తో సమానం. హైదరాబాద్‌లో మామూలు బంకులో దొరికేది అంతకంటే తక్కువ ఆక్టేన్ పెట్రోలు, అందులో 20 శాతం ఇథనాల్. నువ్వు కాలిఫోర్నియా వెళ్లినా అక్కడ ప్రీమియం 91 మాత్రమే, నీకూ ఈ ఫైల్ పనికిరాదు. పెట్రోలు మారితే పట్టిక మారాలి.

చివరిగా టాప్ స్పీడ్. అమెరికాలో స్పోర్ట్ ప్యాకేజీ లేని 335ఐని గంటకి 130 మైళ్ల దగ్గర కట్టేశారు. హెచ్ రేటింగ్ టైర్లు భరించే వేగం అంతే. చాలా ట్యూన్ ఫైళ్లు ఆ కట్టు తీసేస్తాయి. నువ్వు తీయించకు. టైరు గోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడు. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. అంత పాత టైర్లు ఉంటే ట్యూనర్ డబ్బుతో ముందు టైర్లు కొనాలి.

రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టి, మధ్యాహ్నం తీసిన లాగ్ నాకు పంపు. ఆరు సిలిండర్ల వరసలూ చూసి, వెయ్యొచ్చో వద్దో నేనే ఫోన్ చేసి చెబుతాను. అప్పటిదాకా ఫ్యాక్టరీ ప్రోగ్రామ్ మీదే నడుపు. అమ్మకి కూడా ఈ మాటే చెప్పాను.

ఆశీస్సులతో,
మామయ్య