చెక్క జెండాలో ఒక లెక్క



మన లెక్కల టీచరు గారికి బదిలీ అయింది కదా. ఆవిడకు మా తరగతి వాళ్లం చెక్క మీద చెక్కిన జాతీయ జెండా ఇద్దామనుకున్నాం. అది ఎలా చేయించామో, అందులో నేను నేర్చుకున్న లెక్క ఏమిటో ఈ పాఠంలో రాస్తున్నాను.

జెండాకీ మన జిల్లాకీ సంబంధం ఉంది. పింగళి వెంకయ్య గారు పుట్టింది భట్లపెనుమర్రులో. ఆయన బందరులో చదువుకున్నారు. 1921లో బెజవాడలో గాంధీ గారికి జెండా నమూనా చూపించారు. 1947 జూలై 22న రాట్నం స్థానంలో అశోక చక్రంతో ఇప్పటి జెండాను ఆమోదించారు.

కొలతలు: జెండా పొడవు, వెడల్పు 3:2 ఉండాలి. మేము 450 మి.మీ. పొడవు, 300 మి.మీ. వెడల్పు తీసుకున్నాం. ఒక్కొక్క రంగు పట్టీ 100 మి.మీ. ఈ సైజుకు చక్రం అడ్డుకొలత 90 మి.మీ. అంటే తెల్ల పట్టీలో చక్రానికి పైన 5, కింద 5 మి.మీ. మిగులుతుంది. చక్రానికి 24 ఆకులు.

మిషను: పెడనలో కలంకారీ అచ్చులు చేత్తోనే చెక్కుతారు. మాకు అంత పనితనం లేదు. గుడివాడలో తలుపులకు డిజైన్లు కొట్టే షాపులో సి.ఎన్.సి. మిషను ఉంది. కంప్యూటరు అంకెలు చెప్తుంటే దాని ములికి గిర్రున తిరుగుతూ మూడు వైపులా కదులుతుంది. ఎక్స్ అంటే అడ్డం, వై అంటే నిలువు, జెడ్ అంటే లోతు. ఒకేసారి లోతుగా కొయ్యకూడదు, కొంచెం కొంచెంగా కొయ్యాలి. చెక్కలో పాత మేకు ఉంటే ములికి విరిగిపోతుంది. పొట్టు కళ్లల్లో, ముక్కులో పడకుండా అద్దాలు, గుడ్డ కట్టుకోవాలి.

నా తప్పు: బొమ్మ గీసే పని నాకిచ్చారు. 24 ఆకులకు మధ్యలో 23 సందులు అనుకున్నాను. 360ని 23తో భాగిస్తే 15.65 డిగ్రీలు వచ్చింది. కోణమానినితో గీశాను. 24వ గీత పోయి మొదటి గీత మీదే పడింది! నా చెయ్యి వంకర అనుకొని రెండుసార్లు చెరిపి గీశాను. అదే.

ఆదివారం మా నాన్న చెక్క తెచ్చాడు. ఆయన నాగాయలంక దగ్గర రొయ్యల చెరువుకి కాపలా ఉంటాడు. పడగొట్టిన ఇంటి టేకు తలుపు ముక్కని అడిగి తెచ్చాడు. ఉన్నది అదొక్కటే. మా నాన్న బడికి పోలేదు. నా కాగితం చూసి వేలు పెట్టి లెక్కపెట్టాడు. “ఇరవై మూడే ఉన్నాయే అమ్మా” అన్నాడు. దడికి గుంజల కన్నా సందులు ఒకటి తక్కువ కదా నాన్నా అన్నాను. నాన్న నవ్వాడు. “ఇది దడి కాదే, బాతుల దొడ్డి. చుట్టూ తిరిగి మొదటి గుంజ కాడికే వచ్చుద్ది. గుంజలెన్నో సందులన్నే” అన్నాడు.

360ని 24తో భాగిస్తే సరిగ్గా 15 డిగ్రీలు. ఆ తప్పు అలాగే షాపుకి పోతే మిషను అలాగే చెక్కేసేది. దానికి తప్పొప్పులు తెలియవు. చెక్క పాడైపోయేది.

జెండా మీద అక్షరాలు రాయకూడదు. అందుకని మా తరగతి పేరు కింద పీట మీద చెక్కించాం. టీచరు గారికి ఇచ్చేటప్పుడు, ఈ లెక్క సరిచేసింది మా నాన్న అని అందరి ముందూ చెప్పాను.

మీకు ప్రశ్న: 12 మంది భోజనానికి వరసగా కూర్చుంటే ఎన్ని సందులు? గుండ్రంగా కూర్చుంటే ఎన్ని?

(జవాబు: 11, 12)

– 9వ తరగతి విద్యార్థిని