ఇంటిపేరు లేని పట్టిక

కృష్ణాతీరమున ఏ పల్లెకేగినను, క్రొత్తగా వచ్చినవానిని పెద్దలు మొదట అడుగు ప్రశ్న యొకటి కలదు. “మీ ఇంటిపేరేమిటండీ?” ఆ యొక్క మాటతో వంశము, బంధుత్వము, పూర్వుల ఊరు బయటపడును. ముత్తాత పుట్టిన గ్రామమును వెదకుచు దక్షిణాఫ్రికానుండి విజయవాడకు వచ్చు తెలుగువారిలో పెక్కురు బదులు చెప్పజాలనిది ఆ ప్రశ్నకే.

1860 అక్టోబరులో ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరి, నవంబరు 16వ తేదీన నేటాలు దేశపు డర్బను రేవు చేరెను. చెరకుతోటలలో అయిదేండ్లు పనిచేయుటకు ఒడంబడిక వ్రాసియిచ్చిన కూలీలు అందుండిరి. 1911 వరకు ఇట్లు నేటాలునకు పోయినవారు సుమారు 1,52,000 మంది. వారిలో ఎక్కువమంది చెన్నపట్టణముననే ఓడ నెక్కిన తమిళులు, తెలుగువారు. కరవునకు తాళలేక పోయినవారు కొందరు. దళారుల మాటలు నమ్మి పోయినవారు కొందరు.

ఓడ నెక్కు ప్రతివాని పేరిటను గుమాస్తా పట్టికలో ఒక వరుస వ్రాసెడివాడు. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముపై నున్న మచ్చ: ఇవన్నియు అందుండును. మనిషిని గుర్తుపట్టుటకు మచ్చ చాలునని దొరలు తలచిరి కాబోలు, ఇంటిపేరును అడుగనేలేదు. అక్కడ పుట్టిన బిడ్డలు తాతపేరునో, ‘నాయుడు’ వంటి మాటనో ఇంటిపేరుగా చెప్పుకొనిరి. రెండు మూడు తరములలో అసలు ఇంటిపేరు మరపున బడెను.

ఆ పట్టికలు దక్షిణాఫ్రికా పత్రభాండాగారములలో నేటికిని ఉన్నవి. ముత్తాత సంఖ్య తెలిసినచో ఆయన వరుస దొరకును. జిల్లా ‘కృష్ణా’ అని యుండును. వెదకువాడు సంతోషించును. కాని అసలు చిక్కు అక్కడనే మొదలగును.

1859లో మచిలీపట్టణము, గుంటూరు జిల్లాలను కలిపి కృష్ణాజిల్లాను ఏర్పరచిరి. 1904లో గుంటూరు మరల వేరుపడెను. ఏలూరు, భీమవరము మున్నగు తాలూకాలు గోదావరినుండి వచ్చి కృష్ణాలో చేరెను. 1925లో అవియు పశ్చిమగోదావరి పేర విడిపోయెను. 2022లో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను. కావున 1890లో కృష్ణాజిల్లావాడనని చెప్పినవాని ఊరు తెనాలి దాపునను, బాపట్ల దాపునను ఉండవచ్చును. 1908లో చెప్పినవాని ఊరు భీమవరము చెంత నుండవచ్చును. ఊరి పేరైనను నమ్మదగినది కాదు. గుమాస్తా తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. సరిగా వ్రాసినను, గన్నవరము విజయవాడ చెంత ఒకటి, కోనసీమలో మరియొకటి కలవు. అట్టిచోట తాలూకా పేరు ఒక్కటే దిక్కు.

కాగితము మౌనము వహించినచోట ఆచారము పలుకును. మారిషసు ద్వీపమందలి తెలుగువారు సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు. వారిని లోకులు ‘కోరంగీలు’ అనిరి. కోరంగి గోదావరీముఖమునందలి రేవు మాత్రమే; అప్పన్న పూజయో విశాఖపట్టణపు సీమను చూపుచున్నది. ఐరోపా యందలి రోమానీ జనులకు ఓడపట్టికలైనను లేవు. నీటిని ‘పానీ’ యనియు, ముక్కును ‘నాఖ్’ అనియు పిలుచు వారి భాషనుబట్టియే, వారి పూర్వులు సుమారు వేయియేండ్ల క్రిందట భారతదేశమును వీడిరని పండితులు గ్రహించిరి.

గ్రామము తేలినను పని తీరదు. భూమిలేని కూలివాని పేరు కరణము అడంగలులో కెక్కదు. ఆ కరణపు ఉద్యోగములును 1984లో రద్దయ్యెను. తొందరపడి ఎవరి యింటినో తన పూర్వుల యిల్లని చెప్పుకొనుటకంటె, తాలూకా వరకే తెలిసినదని యొప్పుకొనుట మేలు. ఓర్పుగలవారు మాత్రము ముత్తాత పేరును, ఆయన తండ్రి పేరును చీటిపై తెలుగులో వ్రాయించుకొని, రచ్చబండ చెంత కూర్చున్న వృద్ధులను ఒక్కటే అడుగుదురు: “అయ్యా, ఈ ఊరినుండి ఓడ యెక్కిపోయి, మరల రానివారి మాట మీ పెద్దలెవరైన చెప్పగా విన్నారా?”